ఎవరి తాలూకు? తెనాలిలో రష్యన్ దుబాసీ పని

ముప్పై ఆరేళ్ళకే రిటైరైన మనిషి అనుభవాలు రాయడం కాస్త అతిగానే ఉంటుంది. నాకు బీపీ లేదు, పింఛను లేదు, మనవలు లేరు. మా ఆవిడైతే "అది రిటైర్మెంట్ కాదు, పని లేకపోవడం" అంటుంది. రెండింటికీ తేడా చెప్పమంటే నాకూ చేతకాదు.

మొన్న బాపట్ల నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నేనూ బిష్కెక్‌లోనే చదివొచ్చానండి. రష్యన్ బాగా వచ్చు. దుబాసీ పనిలోకి దిగుదామనుకుంటున్నా, ఎలా ఉంటదండి?" అని అడిగింది. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ వచ్చింది కదమ్మా అన్నాను. "అది తప్పులు చెబుతుందండి" అంది. నేనూ చెప్పానమ్మా అన్నాను. ఆ తప్పులేవో ఫోన్‌లో తేలే విషయం కాదు కనుక ఇలా రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను, ఒక్కటీ రాలేదు. కాగితాల గురించీ రాయను, అవి చదివి ఎవరూ బాగుపడలేదు.

పని దొరికిన విధం

బిష్కెక్ కిర్గిజ్‌స్తాన్ రాజధాని. వైద్యం చదవడానికి వెళ్ళి ఆరేళ్ళు అక్కడ ఉన్నాను. తిరిగి వచ్చాక ఇక్కడ రాయాల్సిన పరీక్ష మూడుసార్లు రాశాను. మూడుసార్లూ పరీక్షే గెలిచింది. వైద్యం రాలేదు గాని, హాస్టల్ గుమ్మం దగ్గర కాపలా కూర్చునే ముసలామెతో రోజూ పోట్లాడినందువల్ల రష్యన్ మాత్రం గట్టిగా వచ్చింది. బురద బూట్లతో లోపలికి అడుగు పెడితే ఆవిడ కొట్టినంత పని చేసేది. తన్నులు తప్పించుకోవాల్సి వచ్చినప్పుడు వచ్చినంత త్వరగా ఏ భాషా ఊరికే రాదు.

తెనాలిలో నాకు మొదట పని ఇచ్చింది బాబ్జీ గారు. పెళ్ళిళ్ళకు ఈవెంట్లు చేస్తారు. కొబ్బరిమట్టల పందిరి నుంచి పొగలో దిగివచ్చే పెళ్ళికూతురి దాకా అన్నీ ఆయన దగ్గర దొరుకుతాయి. గుమ్మం దగ్గర పన్నీరు చల్లడానికి, స్టేజీ మీద డాన్సు చేయడానికి రష్యన్లను తెప్పిస్తారు. వాళ్ళకు భోజనం ఎక్కడో, బస్సు ఎప్పుడో, ఫోటో కోసం మీద పడే మేనమామను ఎలా వదిలించుకోవాలో చెప్పడం నా పని.

మొదటిసారి వచ్చిన అయిదుగురు రష్యన్లలో రష్యా నుంచి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇద్దరిది మోల్దోవా, ఇద్దరిది ఉక్రెయిన్, ఒకమ్మాయిది ఉజ్బెకిస్తాన్. ఆ ఉజ్బెకిస్తాన్ అమ్మాయిని నువ్వు ఉజ్బెక్‌వా అని అడిగితే కాదంది. "నేను కొరియన్ని. మా ముత్తాతను రైలెక్కించి తాష్కెంటు పంపారు."

"కొరియా చూశావా?"

"లేదు. నువ్వు ఢిల్లీ చూశావా?"

"లేదు."

"మరి?" అంది.

అంతటితో ఆ సంభాషణలో నేను ఓడిపోయాను.

బాబ్జీ గారి దగ్గర ఈ గొడవంతా చెబితే ఆయన నవ్వారు. "అడిగినవాడికి ఏది తెలుసో అది చెప్పవయ్యా. మనవాడికి తెలిసింది రష్యా ఒక్కటే. పాపం, వాడి జ్ఞానాన్ని మనమెందుకు కష్టపెట్టాలి?"

మంచి సూత్రమే. చాలాకాలం దాంతోనే బతికాను. ఆ అమ్మాయిలు కూడా బతకనేర్చినవాళ్ళే. పెళ్ళివారు అడిగితే రష్యా అనేవాళ్ళు, హోటల్లో అడిగితే పాస్‌పోర్టులో ఉన్న దేశం చెప్పేవాళ్ళు, వాళ్ళలో వాళ్ళు మాత్రం ఇంకేదో చెప్పుకునేవాళ్ళు. అబద్ధాలాడుతున్నారని మొదట్లో అనుకున్నాను. తర్వాత చూస్తే నేనూ అంతే. బిష్కెక్‌లో ఇండియా అన్నాను, హైదరాబాదులో గుంటూరు అన్నాను, గుంటూరులో తెనాలి అన్నాను. తెనాలిలో గంగానమ్మపేట అంటాను. ఎవరూ నన్ను పట్టుకుని, ఒక్క ప్రశ్నకు నాలుగు జవాబులేంట్రా అనలేదు.

ఆ సూత్రం ఒక్కసారి నా గొంతుకు అడ్డం పడింది. చేబ్రోలులో రిసెప్షన్. మైకు పట్టుకున్న కుర్రాడు "రష్యా నుంచి విచ్చేసిన" అనగానే, ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకమ్మాయి పూలపళ్ళెం కింద పెట్టి, వెళ్ళి బస్సులో కూర్చుంది. యుద్ధం జరుగుతోంది. వాళ్ళమ్మ ఉన్న వీధిలోనే ఆ వారం బాంబు పడిందని, రష్యా పేరు మీద నిలబడనని నాతో చెప్పింది. బాబ్జీ గారు పరిగెత్తుకొచ్చి "ఏంటంట?" అన్నారు.

"కడుపు నొప్పంటండి" అన్నాను.

ఆయన సోడా పంపించారు. ఆ అమ్మాయి చేతిలో సోడా పట్టుకుని బస్సు అద్దంలోంచి నన్నే చూస్తూ కూర్చుంది. తెలుగు రాకపోయినా తన మాట నా దగ్గరే ఆగిపోయిందని ఆమెకు తెలిసింది. దుబాసీ గురించి అవతలివాళ్ళకు తెలియనిదేమీ ఉండదని అప్పుడు అర్థమైంది. అర్థమైనా సూత్రం మార్చుకోలేదు. కూలి వస్తోంది కదా.

సూర్యలంకలో చేపల గంప

ఇప్పుడు అసలు కథ. బాపట్లలో ఒక ఆస్పత్రిలో పని చేసే డాక్టర్ సుధాకర్‌ది రేపల్లె. కజకిస్తాన్‌లోని కరగండా అనే ఊళ్ళో చదివాడు. అక్కడ నర్సుగా పని చేసే కాత్యను పెళ్ళి చేసుకోబోతున్నాడు. రేపల్లె లూథరన్ చర్చిలో గురువారం పెళ్ళి. కాత్య తల్లి లిడియా వారం ముందే వచ్చింది. శనివారం ఆవిడ తిరుగు విమానం.

సుధాకర్‌కు రష్యన్ నాకంటే బాగా వచ్చు. మరి నేనెందుకంటే, పెళ్ళికొడుకే దుబాసీ అయితే రెండు పక్షాలూ నమ్మవు. తగాదా వచ్చినప్పుడు తిట్టుకోవడానికి బయటి మనిషి ఒకడుండాలి. ఆ ఉద్యోగం నాది.

విమానం దిగి వచ్చేటప్పుడు లిడియా సముద్రం చూస్తానంది. ముందు బాపట్ల వెళ్ళి, సూర్యలంక దగ్గర ఆపాం. అరవైకి దగ్గర పడ్డ మనిషి, బలమైన చేతులు. జర్మనీలో ఒక బేకరీలో రొట్టెలు చేస్తుంది. చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగి, దోసిట్లోకి కాసిని తీసుకుని నాలుకకు ఆనించింది. ఇక్కడ ఏదో గొప్ప మాట అంటుందని ఎదురుచూశాను. "ఉప్పగా ఉంది" అంది.

ఇంతలో గంప నెత్తిన పెట్టుకుని ఒక చేపలామె వచ్చింది. నన్ను చూసి, "ఏ ఊరయ్యా?" అంది.

"తెనాలండి."

"అసలు?"

"అసలూ తెనాలేనండి."

"ఎవరి తాలూకు?"

మా తాత పేరు చెప్పాను. ఆయన వరసకు తమ్ముడెవరో నిజాంపట్నంలో ఐసు ఫ్యాక్టరీలో పని చేసేవాడట. "ఆయన మనవడివా! ముందే చెప్పొద్దూ" అని గంప దించింది. మన వైపు ఈ మూడు ప్రశ్నలూ ఇదే వరసలో వస్తాయి. మొదటిదానికి జవాబు చెబితే బస్సు దాకా పనికొస్తుంది. రెండోది చెబితే కాఫీ ఇస్తారు. మూడోదానికి చెబితేనే మనిషి కింద లెక్క.

"ఈవిడో?" అంది లిడియాను చూపించి.

"రష్యా అండి" అన్నాను, అలవాటుగా.

"ఓహో" అంది. అంతే, ఇంక ప్రశ్నల్లేవు. రష్యా అంటే ఉన్న సుఖం అదే.

కారు ఎక్కాక లిడియా అంది. "ఆవిడ నిన్ను మూడు అడిగింది. నా గురించి ఒకటే అడిగింది. నువ్వు రష్యా అన్నావు."

ఆ ఒక్క మాటా అన్ని భాషల్లోనూ ఒకలాగే వినిపిస్తుంది. దుబాసీలకు అదొక దురదృష్టం.

"సులువుగా ఉంటుందని" అన్నాను.

"ఎవరికి?"

నేను కిటికీలోంచి జీడితోటలు చూశాను.

"ఆ మాట నా గురించి మళ్ళీ అనకు" అంది. "నేను చెప్పింది చెప్పు. పొడుగైనా, అనవసరమైనా, అంతా చెప్పు."

సరేనన్నాను. మా పనిలో సరే అనడానికి ఖర్చు లేదు.

మూడో ఆదివారం

సుధాకర్‌కు అమ్మానాన్న చిన్నప్పుడే పోయారు. పెంచింది నాయనమ్మ మార్తమ్మ గారు. చదివించింది పెదనాన్న ఏసుపాదం మాస్టారు. మాస్టారు మంచివారు, కాకపోతే విషయం చిన్నదైతే ఆయనకు నచ్చదు. "మా కోడలు రష్యన్" అని ఊరంతా చెప్పారు. స్టేషన్ దగ్గర ఫ్లెక్సీ కట్టించారు. సందు మలుపులో ఇంకోటి.

ఆ చర్చిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే లేచి చెప్పొచ్చు. ఎవరూ చెప్పరు, తలలు వెనక్కి తిప్పి ఎవరైనా లేస్తారేమోనని చూస్తారంతే. మూడో ఆదివారం, పెళ్ళికి ముందు ఆదివారం, పాస్టరు అయ్యగారు చదవడం పూర్తిచేసి కళ్ళజోడు తీస్తుండగా ఒకాయన లేచారు.

"అభ్యంతరం ఉందండి అయ్యగారూ."

ఆయన రత్నం గారు, సంఘపెద్ద. ఎరువుల కొట్టు ఉంది. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే నా పని తేలికయ్యేది.

"పెళ్ళికూతురు పాస్‌పోర్టు కజకిస్తాన్‌దంటండి. తల్లిది జర్మనీదంట. వాళ్ళు దిగిన లాడ్జిలో కుర్రాళ్ళు చూశారు. వాళ్ళు మాట్లాడేది రష్యన్. మాస్టారేమో రష్యా అన్నారు. తల్లిది ఒక దేశం, కూతురిది ఒక దేశం, మాట ఇంకో దేశం. ఏది నిజమండి?"

చర్చిలో ఫ్యాన్ల చప్పుడు కూడా తగ్గినట్టనిపించింది. నిజానికి కరెంటు పోయింది.

"ఇంకోటండి" అని రత్నం గారు నావైపు చేయి చూపించారు. "ఈ బాబు ఎవరు? తెనాలి బాబ్జీ దగ్గర దుబాసీ. పోయినేడు కర్లపాలెంలో మా మేనకోడలి పెళ్ళికి పన్నీరు చల్లే రష్యన్లను దించింది ఈయనే. డాన్సుకి మనుషుల్ని అద్దెకిచ్చేవాళ్ళు తల్లిని మాత్రం ఇవ్వరని ఏంటండి నమ్మకం?"

ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

కాత్యకు మన భాష అప్పటికి నాలుగు ముక్కలు తెలుసు. లిడియాకు అదీ లేదు. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని "ఏమన్నాడు?" అంది.

చెప్పాను. అంతా చెప్పాను. చేబ్రోలు బస్సు అద్దం గుర్తొచ్చిందని రాస్తే బావుంటుంది గాని, నిజానికి ఆవిడ పట్టు గట్టిగా ఉంది. రొట్టెల పిండి పిసికే చెయ్యి.

అయ్యగారు తేల్చి చెప్పారు. సోమవారం మధ్యాహ్నం మార్తమ్మ గారింట్లో కూర్చుందాం, అక్కడ తేలితే గురువారం పెళ్ళి, తేలకపోతే ఆపేయాలి. లిడియా కూడా తేల్చి చెప్పింది, కూతురితో. "ఆపేస్తే శనివారం నాతో వచ్చేయ్. అడుక్కుని ఎక్కడా ఉండక్కర్లేదు." సుధాకర్ గోడను చూస్తూ నిలబడ్డాడు.

మార్తమ్మ గారి వసారా

సోమవారం వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒకవైపు అయ్యగారు, రత్నం గారు, మాస్టారు. ఎదురుగా తల్లీకూతుళ్ళు, పక్కన సుధాకర్. మధ్యలో నేను, స్టూలు మీద. దుబాసీకి ఎప్పుడూ స్టూలే ఇస్తారు, వెన్ను ఆనించుకుంటే పక్షపాతం వస్తుందేమోనని. మార్తమ్మ గారు మూల నులకమంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు పల్లెలు తిరిగి బైబిలు చదివి వినిపించే పని చేశారు. అప్పటికింకా ఒక్క మాటా అనలేదు.

రత్నం గారు మర్యాదగానే మొదలుపెట్టారు. "అమ్మా, మీదే దేశమండి?"

లిడియా ఆలోచించి చెప్పింది. నేను ఒక్కో ముక్కా తెలుగు చేశాను. పాస్‌పోర్టు జర్మనీది. ఆవిడ జర్మనీ వెళ్ళి పదేళ్ళ పైనే. పుట్టింది సోవియట్ దేశంలో, అది ఇప్పుడు లేదు. పుట్టిన ఊరు కజకిస్తాన్‌లో ఉంది. మాట్లాడేది రష్యన్. జాతికి జర్మన్లు. పూర్వం వోల్గా ఒడ్డున ఉండేవాళ్ళు, యుద్ధంలో అందర్నీ రైళ్ళలో కజకిస్తాన్ తోలారు. కూతురు చదువు కోసం అక్కడే ఉండిపోయింది, అందుకే దాని పాస్‌పోర్టు వేరు.

ఒక్కో జవాబుకూ పరిస్థితి కాస్త కాస్త దిగజారింది.

"ఒక్క ప్రశ్నకి ఇన్ని జవాబులేంటండి?" అన్నారు రత్నం గారు. "నిజమైతే ఒకటే ఉంటది గదా."

మాస్టారు నా స్టూలువైపు వంగారు. ఆయన నుదుటి మీద చెమట. "ఒరే అబ్బాయ్, రష్యా అని చెప్పి పారేయరా, అయిపోద్ది. ఊరంతా చెప్పుకున్నాం. నా మాట దక్కించరా."

ఇదీ ఆ క్షణం. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఒక్క మాట తిప్పి చెబితే పెళ్ళి అవుతుంది, అందరూ భోజనానికి లేస్తారు. తిప్పకపోతే ఏమవుతుందో తెలియదు. సుధాకర్ కూడా నావైపు చూశాడు. ఏం చేయమని చూశాడో ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు.

నేను నోరు తెరిచేలోగానే పని జరిగిపోయింది. మాస్టారి గుసగుసలో రష్యా అన్న మాట లిడియాకు వినబడింది. లేచి నిలబడింది.

"బడిలో పిల్లలు నన్ను ఫాసిస్టు అనేవాళ్ళు, జర్మన్ అని. జర్మనీ వెళితే బేకరీలో రష్యన్ అంటారు, నా ఉచ్చారణ విని. ఒకచోట అది, ఇంకోచోట ఇది. నేను ఏది కానో ఆ పేరుతోనే నన్ను పిలుస్తారు. ఇంత దూరం వచ్చాను, ఇక్కడా అదేనా?"

సంచీ తీసుకుంది. కాత్య ఆ సంచీ పట్టుకుంది. "అమ్మా, కూర్చో! అననీ. నీకేం పోయింది? రష్యన్ అంటే నా పెళ్ళవుతుంది!"

"నీ పెళ్ళికి నా పేరు మార్చుకోవాలా? నీకు బుద్ధి ఎక్కడ పోయింది? పొట్టిజుట్టు పెట్టుకుంటానన్నప్పుడే చెప్పాను, చెప్పిన మాట ఎప్పుడన్నా విన్నావా?"

"ఇప్పుడు జుట్టెందుకు!"

తెలుగు చేయడం నాకు కుదరలేదు, ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు, మధ్య మధ్య జర్మన్ కూడా పడుతోంది. సంచీ ఒకరు ఇటు, ఒకరు అటు లాగుతున్నారు. అందులోంచి దువ్వెన, సగం తిన్న బన్ను కింద పడ్డాయి.

మూల నుంచి చిక్కుళ్ళ చప్పుడు ఆగింది.

"ఒరే రత్నం" అన్నారు మార్తమ్మ గారు. "అద్దెకి తెచ్చిన తల్లి అట్లా తిట్టదురా. అంత డబ్బు ఎవురూ ఇవ్వరు."

అయ్యగారు దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు పెట్టుకున్నారు.

"అబ్బాయ్, కూకోమను ఆవిణ్ణి. దేశం అడిగితే ఏం చెబుద్ది పాపం? దేశాలు పెద్దోళ్ళు గీసుకునేయి. ఎవరి తాలూకు అని అడుగు."

అది తెలుగు నుంచి రష్యన్‌లోకి ఎలా వెళుతుందో ఒక్క క్షణం తోచలేదు. అప్పుడు బిష్కెక్ హాస్టల్ ముసలామె గుర్తొచ్చింది. కొత్త పిల్లలు ఎవరొచ్చినా ఆవిడ దేశం అడిగేది కాదు, "నువ్వు ఎవరి బిడ్డవి?" అనేది. పల్లెటూళ్ళ రష్యన్‌లో ఆ మాట అలాగే ఉంది, మన మూడో ప్రశ్నలాగే. ఆ మాటలతోనే అడిగాను.

లిడియా సంచీ వదిలేసింది. కూర్చుంది.

"అమాలియా మనవరాల్ని" అంది.

తర్వాత ఆవిడ నన్ను చూడలేదు. మార్తమ్మ గారికే చెప్పింది, నేను మధ్యలో గొట్టంలా ఉన్నాను. అమాలియా చంటిబిడ్డను ఎత్తుకుని ఆ రైలెక్కింది. చేరిన చోట చర్చి లేదు, అయ్యగారు లేరు, ఉన్నా అనుమతి లేదు. ఆదివారాలు వంటింట్లో ముసలాళ్ళు నలుగురు చేరేవాళ్ళు. తెరలు వేసేవాళ్ళు. లిడియాకు వాళ్ళ నాయనమ్మ అమాలియాయే బాప్తిస్మం ఇచ్చింది, పిండి కలిపే గిన్నెలో నీళ్ళతో. ఆ తర్వాత ఆ నీళ్ళతోనే పిండి కలిపిందట. పారబోయబుద్ధి కాలేదట.

రత్నం గారు ముందుకు వంగారు. ఆయనకు ఇప్పుడు అసలైన అభ్యంతరం దొరికింది. "వంటింట్లో ఆడమనిషి ఇస్తే బాప్తిస్మం అవుద్దాండి అయ్యగారూ? ఎవరిచ్చారండి ఆవిడకి అధికారం?"

అయ్యగారు నోరు తెరిచారు. మార్తమ్మ గారు మాట్లాడనివ్వలేదు.

"నీకెవరిచ్చారురా?"

ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అది, నాకు మాత్రం అప్పుడే సుధాకర్ చెప్పాడు. ఉప్పెన వచ్చిన ఏడు ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. బతికినవాళ్ళను ఒక బడిలోకి చేర్చారు. అయ్యగారు వచ్చే దారి లేదు. చలికి నీలుక్కుపోతున్న పసిపిల్లలకు మార్తమ్మ గారే, ఆ బడి వసారాలో, ఎవరిదో టిఫిన్ క్యారేజీ మూతలో వాన నీళ్ళు పట్టి బాప్తిస్మం ఇచ్చారు. అందులో చాలామంది బతకలేదు. బతికినవాళ్ళలో ఒకరు రత్నం గారు.

సినిమాలో అయితే ఇక్కడ రత్నం గారు కళ్ళనీళ్ళతో లిడియా చేతులు పట్టుకోవాలి. ఆయన అలాంటిదేం చేయలేదు. కుర్చీలో సర్దుకుని, కాస్త విసుగ్గా, "అది వేరండి మార్తమ్మగారూ. అది ఉప్పెనండి" అన్నారు.

"వాళ్ళదీ ఉప్పెనేరా" అన్నారావిడ. "మనది పొద్దున్నకి తీసింది. వాళ్ళది తియ్యలా."

రత్నం గారు ఫ్యాన్ వైపు చూశారు. నేను అదంతా రష్యన్‌లో చెప్పాను. లిడియా మంచం దగ్గరకు వెళ్ళి, చాటలోంచి చిక్కుడుకాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఒలవడం చేతకాలేదు. మార్తమ్మ గారు లాక్కుని "పీచు ఇటు తియ్యాలమ్మా లూదియా" అన్నారు. మన బైబిల్లో లిడియా పేరు లూదియ. ఆవిడకు ఆ పేరే నోరు తిరిగింది.

చివరికి రత్నం గారు గొంతు సర్దుకున్నారు. "ప్రకటన మాత్రం సరిగ్గా మళ్ళీ చదవాలండి. రష్యా అనేది తీసేసి." ఓడిపోయినవాళ్ళకు ఒక షరతు కావాలి, ఇవ్వాలి. అయ్యగారు ఇచ్చారు. బుధవారం కూడిక పెట్టి మళ్ళీ చదివారు. దేశం పేరే లేకుండా, "లూదియ గారి కుమార్తె" అని. ఎవరూ లేవలేదు. తలలు మాత్రం వెనక్కి తిప్పి చూశారు, రత్నం గారి వైపు. ఆయన పాటల పుస్తకంలో ఏదో వెతుక్కుంటున్నారు.

ఫ్లెక్సీ

గురువారం పెళ్ళి జరిగింది. పన్నీరు రత్నం గారి కోడలే చల్లింది. ఒక్క ఇబ్బంది మిగిలింది. మాస్టారి ఫ్లెక్సీలు. స్టేషన్ దగ్గరది పీకించారు గాని, సందు మలుపులోది మర్చిపోయారు. చర్చి నుంచి నడిచి వస్తుంటే ఎదురుగా అదే. గులాబీల మధ్య కాత్య, సుధాకర్, ఇద్దరికంటే పెద్దగా మాస్టారు. పైన బంగారు అక్షరాలు.

"ఏం రాశారు?" అంది లిడియా.

మాస్టారు నావైపు చూశారు. బాబ్జీ గారి సూత్రం నాలుక చివర దాకా వచ్చింది, మింగేశాను. "మా రష్యన్ కోడలికి స్వాగతం అని రాశారు" అన్నాను.

ఆవిడ ఆగి, కాసేపు దాన్ని చూసింది. "స్వాగతం అన్న మాట సరిగ్గా రాశారా?"

"రాశారండి."

"అయితే ఉంచమను" అంది. "వర్షం వస్తే ఎలాగూ చిరుగుతుంది."

ఆవిడ ఏమందని మాస్టారు అడిగారు. అదీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది, తర్వాత ఆవిడతో కలిసి ఫ్లెక్సీ కింద ఫోటో దిగారు. రెండు ఫోటోలు. మొదటిదాంట్లో కళ్ళు మూశారు.

కాబట్టి చెల్లెమ్మా, ఈ పనిలోకి వస్తే ఒక్కటే మాట. మనుషులు తమ గురించి చెప్పుకునేది పొడుగ్గా ఉంటుంది, తిరకాసుగా ఉంటుంది, అడిగినవాణ్ణి బట్టి మారుతుంది. దాన్ని సాపు చేయడం నీ పని కాదు. సాపు చేస్తే అందరూ మెచ్చుకుంటారు, భోజనం త్వరగా పెడతారు, అదే ప్రమాదం. ఇంకా తేలకపోతే అవతలివాళ్ళు తప్పు ప్రశ్న అడుగుతున్నారేమో చూడు. దానికి కూలి ఎవరూ ఇవ్వరు, ముందే చెబుతున్నా.

రిటైర్మెంట్

యాప్ వల్ల రిటైరయ్యానని అందరికీ చెబుతాను గాని, అది నిజం కాదు. పెళ్ళయిన మరుసటేడు రేపల్లెలో వేరే పనుండి వెళ్ళి, మార్తమ్మ గారిని చూద్దామని ఆగాను. వసారాలో పక్క ఊరి నుంచి వచ్చిన ముసలావిడ ఒకరు కూర్చుని ఉన్నారు. కాత్య కాఫీ తెచ్చింది. ముసలావిడ ఆ తెల్లటి చేతుల్నీ, గాజుల్నీ, ముఖాన్నీ తీరిగ్గా చూశారు.

"ఏ ఊరమ్మాయ్?"

నేను అలవాటుగా ముందుకు వంగాను.

"రేపల్లెనండి" అంది కాత్య.

"అసలు?"

"కరగండా అండి."

అదెక్కడుందో ఆవిడకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ కనబడలేదు. "ఎవరి తాలూకు?"

"లూదియమ్మ తాలూకండి."

"ఓహో, లూదియమ్మ గారమ్మాయివా" అని, ఎప్పటినుంచో తెలిసినట్టే తలూపి, ముసలావిడ కాఫీ అందుకున్నారు.

ఎవరూ నావైపు తిరగలేదు. మాట అటు నుంచి ఇటు వెళ్ళింది, ఇటు నుంచి అటు వచ్చింది, మధ్యలో నేను స్టూలు మీద ఊరికే కూర్చున్నాను. అదే నా రిటైర్మెంట్. సన్మానం లేదు, శాలువా లేదు. కాఫీ ఇచ్చారు. పంచదార ఎక్కువైంది, అయినా తాగేశాను.